కదలని డిస్క్

జూన్ 3

చెల్లీ,

నీ డబ్బా నిన్న మధ్యాహ్నం చేరింది. రేకు డబ్బాలో తువ్వాలు, తువ్వాలులో మేజోడు, మేజోడులో హార్డ్ డిస్క్. మేజోడు ఒక్కటే ఉంది. రెండోదాని కోసం నువ్వక్కడ మంచాల కింద వెతుక్కుంటూ ఉండి ఉంటావు. ఉతికి ఆరేశాను, డిస్క్‌తో పాటు అదీ వస్తుంది.

ఇక్కడ అందరం కులాసా. మీ బావకి మోకాలి నొప్పి తగ్గి మళ్లీ బళ్లో పిల్లల్ని పరుగెత్తిస్తున్నారు. సాయంత్రాలు మాత్రం నా కోసం స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చుంటున్నారు. ఎందుకో చెబుతాను.

కాపీ పెడితే తెల్లారిపోతోందని రాశావు కదా. నిజమే, నీ డిస్క్‌కి ఆరేళ్లు. నేను ఈమధ్య ఒక ఎస్‌ఎస్‌డి తెచ్చుకున్నాను, కొత్తరకం డిస్క్, నా బొటనవేలంత ఉంటుంది. ఇన్నాళ్లూ దాన్ని నా పాత డిస్క్‌లతో పోల్చి చూస్తున్నాను. ఇప్పుడు నీ డిస్క్ కూడా పోటీలో దిగబోతోంది. పద్ధతి ఇది. ఒకే ఫోల్డర్‌ని రెండింటి నుంచీ మూడేసి సార్లు కాపీ చేయాలి. ప్రతిసారికీ మధ్య కంప్యూటర్‌ని ఆపి మళ్లీ పెట్టాలి, లేకపోతే అది మొదటిసారి చూసినదాన్ని గుర్తుపెట్టుకుని రెండోసారి దొంగవేగం చూపిస్తుంది. మీ బావ ఈల నోట్లో పెట్టుకుని సిద్ధంగా ఉంటారు. నిన్న నేను ముందే మౌస్ నొక్కానని ఆ పరుగు చెల్లదన్నారు. ఇంట్లో పరుగు పందేల మాస్టారు ఉంటే ఇదే బాధ.

ఒక సంగతి ఖచ్చితంగా రాయి. ఈ డిస్క్‌లో ఉన్నవి ఇంకెక్కడైనా ఉన్నాయా? అది తెలిస్తేగాని నేను చేయి పెట్టను.

కొండ మీద మీ బళ్లో చాలామందికి ఫోన్ కలవదని బెంగ. నాకా బెంగ లేదు. నీకు వినపడదు కాబట్టి చిన్నప్పుడు ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చుని కాగితాల మీదే పోట్లాడుకున్నాం. ఇప్పుడు మధ్యలో ఒక కొండ వచ్చింది, అంతే.

అక్క


జూన్ 8

అక్కా,

మేజోడు రెండోది దొరికింది. నా కాలికే ఉంది.

నిన్ను అడిగింది డిస్క్ బాగుచేయమని. నువ్వు దాన్ని పందేనికి తీసుకెళ్లావు. చిన్నప్పుడు ఇంట్లో రెండు కుళాయిల్లో ఏది బిందె ముందు నింపుతుందో గోడమీద రాసిపెట్టావు, గుర్తుందా? నాన్న సున్నం వేయించినా ఆ లెక్క పోలేదు. బావకి నా సానుభూతి తెలియజేయి.

ఆ డిస్క్‌లో ఏముందో నీకు పూర్తిగా చెప్పినట్టు లేను. మా బళ్లో వినపడని పిల్లలు, మా ఊళ్లవాళ్లు చేతులతో మాట్లాడే మాటలన్నీ అందులో ఉన్నాయి. ఒక్కో సంజ్ఞకి మూడు ఫైళ్లు: చిన్న వీడియో, ఒక ఫొటో, దాని అర్థం రాసిన రెండు వాక్యాలు. అలా పద్నాలుగు వందల పదహారు సంజ్ఞలు. వీటిని పుస్తకంగా వేస్తామని అచ్చువాళ్లు ఒప్పుకున్నారు. జూలై ఆఖరుకల్లా మొత్తం వాళ్ల చేతిలో పెట్టాలి. పెట్టకపోతే వచ్చే ఏడాది మాట ఎవరూ చెప్పలేరు.

వాటిలో నూట పద్దెనిమిది మా ఇస్త్రీ పెద్దమ్మవి. హాస్టల్లో బట్టలు ఇస్త్రీ చేసేదని చెప్పానే, ఆవిడ. ఆవిడకీ వినపడేది కాదు, బడి మొహం చూడలేదు. మాటలన్నీ తనే పుట్టించుకుంది. ‘రేపు’ అనడానికి బట్ట మడిచి పక్కన పెట్టినట్టు చేస్తుంది. ‘అబద్ధం’ అంటే ఎంత రుద్దినా పోని ముడత. ఆవిడ పోయి రెండేళ్లయింది. ఆ మాటలు ఇంకెవరి చేతుల్లోనూ లేవు.

ఇంకో కాపీ ఉంది, కంగారుపడకు. ఆఫీసు బీరువాలో ఒక పెన్ డ్రైవ్ పెట్టాం. కాబట్టి నువ్వు ధైర్యంగా చేయి పెట్టు.

చెల్లి


జూన్ 15

చెల్లీ,

ఫలితాలు వచ్చాయి. నువ్వు నవ్వినా సరే రాస్తున్నాను.

ఒకే పెద్ద సినిమా ఫైలు, ఆరు జీబీ. నీ హార్డ్ డిస్క్‌కి నిమిషం ఇరవై అయిదు సెకన్లు, ఎస్‌ఎస్‌డికి పదహారు. అదే ఆరు జీబీ, నీ చిన్నచిన్న ఫైళ్లుగా, నాలుగు వేల రెండు వందల నలభై ఎనిమిది. నీ హార్డ్ డిస్క్‌కి తొమ్మిది నిమిషాల నలభై సెకన్లు, ఎస్‌ఎస్‌డికి నలభై ఎనిమిది సెకన్లు. మీ బావ తన గడియారమే పాడైందనుకుని రెండుసార్లు విదిలించారు.

కారణం చెబుతాను. హార్డ్ డిస్క్ లోపల ఒక పళ్లెం తిరుగుతూ ఉంటుంది, దాని మీద ఒక సన్నటి చేయి అటూ ఇటూ జరుగుతూ చదువుతుంది. పెద్ద ఫైలైతే ఒకచోట నిలబడి చదివేస్తుంది. నీవాటికి ప్రతి ఫైలుకీ లేచి వెళ్లాలి, నాలుగు వేల సార్లు. ఎస్‌ఎస్‌డిలో తిరిగేదీ లేదు, జరిగేదీ లేదు. ఏది ఎక్కడున్నా దానికి ఒకటే. నా పట్టికలో వేగానికి, వేడికి, చప్పుడుకి, అదురుకి వేరువేరుగా మార్కులు వేశాను. హార్డ్ డిస్క్‌కి ఒక్క గడిలోనే గెలుపు, అది ఎక్కువ సామాను పట్టడం.

అందుకని ఎస్‌ఎస్‌డి నీకే. నీ ఫైళ్లన్నీ దాంట్లోకి ఎక్కించాను. రెండు వైపులా లెక్కపెట్టాను, ఒక్కటి కూడా తేడా లేదు. ప్రతి పదో ఫైలూ తెరిచి చూశాను. మీ పెద్దమ్మ ముడతని రుద్దడం చూసి నేనూ మీ బావా పగలబడి నవ్వాం. ఈ రెండు రోజుల్నుంచీ నేను ఏం చెప్పినా ఆయన గాల్లో ఇస్త్రీ చేస్తున్నారు.

నీ డబ్బాలోనే, నీ తువ్వాలులోనే, నీ మేజోడుతో సహా రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. పాత డిస్క్ నా దగ్గర ఉంచుకుంటాను, పరీక్షలకి పనికొస్తుంది. నీకు పెన్ డ్రైవ్ కాపీ ఉంది కాబట్టి దాన్ని ఖాళీ చేసేస్తున్నాను.

ఇకనైనా కాపీ పెట్టి దాని దగ్గర కాపలా కూర్చోవడం మానెయ్యి.

అక్క


జూన్ 22

అక్కా,

చెడ్డ కబురు. కొత్తది పోయింది.

నిన్న పొద్దున డబ్బా వచ్చింది. డబ్బాలోని నీ కవరు, నీ పట్టిక తర్వాత తీరిగ్గా చదువుదామని పక్కన పెట్టి (ఇంకా చదవలేదు) ముందు వైరు తగిలించాను. ఏమీ కదల్లేదు. నువ్వు చెప్పిన నియమం నాకు బాగా గుర్తుంది, గుర్తులేకపోయినా మూత లోపల నీ చేతిరాతతో అంటించే ఉంది: ‘డిస్క్ తిరగకపోతే వెంటనే వైరు పీకెయ్యి. రెండోసారి ప్రయత్నించకు. ఏమీ ముట్టుకోకుండా నాకు పంపు.’ అక్షరాలా అలాగే చేశాను. మధ్యాహ్నం బస్సుకి దిగి మళ్లీ రిజిస్టర్ చేసి పంపేశాను.

నిన్నేమీ అనడం లేదు. దారిలో ఎక్కడో పడేసి ఉంటారు. పాతది నీ దగ్గరే ఉంది కదా, దాన్నే పంపు. కాపీకి తెల్లారిపోతే పోయింది, అది కనీసం పనిచేస్తుంది. ఇంకా నెల పైన గడువుంది.

పిల్లలు పుస్తకానికి అట్ట మీద ఎవరి చేయి వేయాలని కొట్టుకుంటున్నారు.

చెల్లి


జూన్ 26

చెల్లీ,

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. డబ్బా ఇంకా రాలేదు.

దాచకుండా చెబుతున్నాను. పాత డిస్క్‌లో ఏమీ లేదు. పందొమ్మిదో తారీఖున దాన్ని మొదలు నుంచి చివరి దాకా మూడుసార్లు పిచ్చి ఫైళ్లతో నింపాను. పళ్లెం బయటి అంచు దగ్గర వేగం ఎక్కువ, లోపలి అంచు దగ్గర తక్కువ అని చదివాను, నిజమేనా అని చూద్దామనుకున్నాను. నిజమే. సగానికి సగం తేడా. ఉత్తినే చెరిపి ఉంటే వెతికి తీయొచ్చు. మూడుసార్లు పైన రాసేశాక ఎవరూ తీయలేరు, ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్లు మన ఇంట్లో లేరు.

వెంటనే బీరువా తెరిచి పెన్ డ్రైవ్ చూడు. ఏమున్నాయో లెక్కపెట్టి రాయి. పెద్దమ్మవి ఉన్నాయో లేదో ముందు చూడు.

నీ ఫోన్‌కి మెసేజ్ కూడా పెట్టాను. నువ్వు కొండ దిగినప్పుడు చూస్తావేమో.

మీ బావ రోజూ పోస్టాఫీసుకి వెళ్లొస్తున్నారు.

అక్క


జూన్ 29

చెల్లీ,

అన్నీ ఉన్నాయి. ముందు ఈ ఒక్క మాట చదివి, కూర్చుని, తర్వాత మిగతాది చదువు.

పొద్దున పదింటికి డబ్బా వచ్చింది. మీ బావ పోస్టుమ్యాన్ చేతిలోంచి దాన్ని రిలే పరుగులో కర్ర అందుకున్నట్టు అందుకున్నారు. వైరు ఆయన్నే పెట్టమన్నాను. పెట్టగానే ఫోల్డర్ తెరుచుకుంది. నాలుగు వేల రెండు వందల నలభై ఎనిమిది. ఈసారి ప్రతి పదోదీ కాదు, ప్రతి ఒక్కటీ తెరిచాం. వంట మీ బావే చేశారు, అన్నం మాడింది, తినేశాం. పెద్దమ్మవి నూట పద్దెనిమిదీ వరసగా చూశాం. ‘వాన’ దగ్గర, ఆవిడ బట్ట మీద నీళ్లు చిలకరించే చేయి తలకిందులు చేసి పైనుంచి చిలకరిస్తుంది చూడు, అక్కడ నాకు ఏడుపొచ్చింది. మంచి ఏడుపే.

వెంటనే మూడు కాపీలు చేశాను. ఒకటి నా కంప్యూటర్లో, ఒకటి పాత డిస్క్‌లో, ఒకటి మీ బావ బడి బీరువాలో. తాళంచెవి ఆయన మొలతాడుకి కట్టుకున్నారు.

ఇప్పుడు చెప్పు. నువ్వు అసలేం చేశావు? వైరు బిగించావా? ఎంతసేపు ఉంచావు? తెర మీద ఏం కనపడింది? ఇది దారిలో దెబ్బ తినలేదు, తప్పు వైరుది కాదు. అదే వైరుతో, అదే డబ్బాలోంచి తీసి పెట్టాను. ఏమీ మార్చలేదు. ఎందుకు పనిచేసిందో తెలియకపోతే రేపు ఎందుకు మానేస్తుందో కూడా తెలియదు. నాకు అది నచ్చదు.

అక్క


జూన్ 30

అక్కా,

నీ ఉత్తరం, నీ మెసేజ్ రెండూ ఇవాళే చూశాను. డబ్బా నీకు చేరిందో లేదో తెలియదు.

పెన్ డ్రైవ్‌లో ఆరు వందల సంజ్ఞలే ఉన్నాయి. మొదటి రెండేళ్లవి. ఆ తర్వాత ఎక్కించడం నేనే మర్చిపోయాను, ఇంకో కాపీ ఉందని నీకు రాసిందీ నేనే. పెద్దమ్మవి ఒక్కటీ లేదు. కాబట్టి నువ్వొక్కదానివే తప్పు చేసినట్టు మూల కూర్చోకు.

నేను ఏడవలేదు. ఇస్త్రీ గదిలోకి వెళ్లాను. ఆవిడ బల్ల అలాగే ఉంది. పెద్ద తరగతి అమ్మాయిల్ని నలుగురిని పిలిచి, ఆవిడ మాటల్లో మీకు ఎన్ని వచ్చో చేసి చూపించండి అన్నాను. వాళ్లు చిన్నప్పుడు ఆవిడ దగ్గరే ఆడుకునేవాళ్లు. ఒకరు ఒకటి చేస్తే ఇంకొకరు కాదు, మణికట్టు ఇటు తిరగాలి అని తిప్పుతారు. దాని మీద గొడవ. భోజనాల గంటకి బదులు పెట్టిన దీపం వెలిగి ఆరినా ఎవరూ కదల్లేదు. సాయంత్రానికి డెబ్భై ఒకటి వచ్చాయి. కాగితం మీద బొమ్మలు వేసుకున్నాం.

ఏమీ రాకపోతే ఈ డెబ్భై ఒకటితోనే ఇస్తాను. నువ్వు అన్నం తిను.

చెల్లి


జూలై 5

అక్కా,

నీ ఇరవై తొమ్మిదో తారీఖు ఉత్తరం బస్టాండులోనే చించి చదివాను. మొదటి వాక్యం చదివి నిజంగానే కూర్చున్నాను, పక్కనున్న ఎవరిదో కూరగాయల సంచి మీద. ఆవిడ తిట్టే ఉంటుంది, నాకు వినపడదు కదా, నవ్వుతూ దండం పెట్టాను.

హమ్మయ్య అక్కా. ఇంకేం రాయను దాని గురించి.

నువ్వడిగిన దానికి జవాబు. వైరు బిగించాను. తెర చూడలేదు. చేయి పెట్టాను.

నీకెప్పుడూ చెప్పలేదేమో. కంప్యూటర్‌కి ఏదైనా తగిలిస్తే మీ అందరికీ టింగుమంటుందట. నేను డిస్క్ మీద అరచేయి ఆనించి ఉంచుతాను. పళ్లెం తిరగడం మొదలుపెడితే సన్నగా జలదరిస్తుంది. కాపీ జరుగుతుంటే లోపలి చేయి అటూ ఇటూ జరిగేది టకటకా తగులుతుంది. అయిపోతే నెమ్మదిస్తుంది. ఆరేళ్లుగా నాకు అదే తెలుసు. కాపీ పెట్టి కాపలా కూర్చుంటానని వెక్కిరిస్తావు చూడు, చేయి తీస్తే జరుగుతోందో లేదో నాకెలా తెలుస్తుంది?

నీ కొత్తదాని మీద చేయి పెట్టాను. రాయిలా ఉంది. మూత లోపల నీ నియమం ఎదురుగా ఉంది. నాలుగు సెకన్లు కూడా ఉంచి ఉండను, పీకేశాను. నీ పట్టిక ముందు చదివినా తెలిసేది, ‘అదురు’ గడిలో ‘లేదు’ అని రాసి పక్కన పదికి పది వేశావు.

బావని తాళంచెవి స్నానానికైనా తీయమను.

చెల్లి


జూలై 10

చెల్లీ,

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. ఆయన లేచి వెళ్లి పాత డిస్క్ తగిలించి దాని మీద చేయి పెట్టి చాలాసేపు నిలబడ్డారు. తర్వాత నన్ను పెట్టమన్నారు. ఇన్నేళ్లుగా ఆ డిస్క్‌లు విప్పుతున్నాను, బిగిస్తున్నాను, ఎప్పుడూ ఊరికే చేయి పెట్టి చూడలేదు. నువ్వు చెప్పినట్టే టకటకా తగిలింది.

నియమం రాసింది హార్డ్ డిస్క్ కోసం. తిరగని పళ్లేన్ని బలవంతంగా తిప్పితే గీసుకుపోతుంది కాబట్టి రాశాను. తిరిగే భాగమే లేనిదాన్ని అదే డబ్బాలో పెట్టి, ఆ కాగితం పీకకుండా పంపాను. నాలుగు వేల ఫైళ్లు లెక్కపెట్టినదాన్ని, మూత లోపలికి చూడలేదు. ఇప్పుడు పీకేశాను. కొత్త కాగితం అంటించలేదు, ఏం రాయాలన్నా నీ చేత ఒకసారి చదివించాకే.

పట్టికలో ఆ గడి కొట్టేశాను. మార్కులు వేయలేదు, ఖాళీగా ఉంచాను. ఎవరు వాడతారో తెలియకుండా ఆ గడికి మార్కులు వేయకూడదు.

ఎస్‌ఎస్‌డిని చిన్న దీపం ఉన్న పెట్టెలోకి మార్చాను. తగిలించగానే నీలంగా వెలుగుతుంది. కాపీ జరుగుతున్నంతసేపూ మినుకుమినుకుమంటుంది. అయిపోతే నిలకడగా ఉంటుంది. నాలుగు రకాల పెట్టెలు చూశాను, మిగతావాటి దీపాలు పనిచేసినా చేయకపోయినా ఒకేలా వెలుగుతున్నాయి, వాటితో నీకేం లాభం? పాత డిస్క్ కూడా పంపుతున్నాను, మొత్తం ఎక్కించి. అది నీ చేతికి అలవాటైనది. రోజూ పని కొత్తదాని మీద చెయ్యి, వారానికొకసారి పాతదాంట్లోకి కాపీ తియ్యి. పెన్ డ్రైవ్ సంగతి నేను ఎత్తను, నువ్వూ ఎత్తకు.

అక్క


జూలై 24

అక్కా,

మొత్తం అచ్చువాళ్లకి ఇచ్చేశాను. గడువుకి వారం ముందే. అక్కడి ఆయన రసీదు రాసి ఇచ్చాడు, నీకోసం దాని నకలు ఇందులో పెట్టాను.

నీకు తెలియాల్సింది ఇంకోటి ఉంది. వీడియోలు వచ్చాక, మా అమ్మాయిలు వేసిన డెబ్భై ఒక్క బొమ్మల్నీ వాటితో పోల్చి చూశాం. అరవై నాలుగు సరిగ్గా సరిపోయాయి. ఏడు తప్పు. ‘కోపం’ అంటే పెద్దమ్మ కాలుతున్న ఇస్త్రీపెట్టెని దూరంగా పట్టుకునేది. వీళ్లు దాన్ని బల్ల మీద వదిలేసి వెనక్కి జరుగుతున్నారు. దిద్దుకోండి అంటే ఒప్పుకోలేదు. అది ఆవిడ కోపం, ఇది మా కోపం అన్నారు. మిగతా ఆరింటికీ ఇదే వాదన. నేను కాసేపు పోట్లాడి ఓడిపోయాను, ఆ ఏడూ విడిగా తీశాం. ఒక్కోదానికి వీడియో, ఫొటో, రెండు వాక్యాలు. ఇప్పుడు పద్నాలుగు వందల ఇరవై మూడు.

నీ దీపం బాగుంది. మొదటి రోజు కళ్లార్పకుండా దాన్నే చూస్తూ కూర్చున్నాను, నలభై ఎనిమిది సెకన్లే కాబట్టి సరిపోయింది. నిన్న మాత్రం అంతా పాత డిస్క్‌లోకి కాపీ పెట్టాను. పది నిమిషాలు పడుతుందని తెలుసు. అలవాటుగా చేయి ఆనించాను. టకటకా మొదలైంది. భోజనాల దీపం వెలిగింది. చేయి తీసేసి, తలుపు దగ్గరగా వేసి, వెళ్లి తినేసి వచ్చాను.

చెల్లి